ఏ కుక్కకు వైద్యం కావాలి, ఏ కుక్కకు ఇల్లు కావాలి?

ప్రశ్న: మియాపూర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా వీధిలో ఒక కుక్కకు మెడ దగ్గర గాయమై పురుగులు పట్టాయి. ఎదురు బ్లాకులో ఒకళ్ళు లాబ్రడార్‌ను పగలూ రాత్రీ బాల్కనీలో కట్టేసి, అరిస్తే కర్రతో కొడుతున్నారు. షెల్టర్లకు ఫోన్ చేస్తే చోటు లేదంటున్నారు. ఈ రెండిటినీ ఎలా కాపాడాలి? మంచి ఇళ్ళకు ఎలా ఇవ్వాలి?

సమాధానం:

మీరు చెప్పిన రెండు కుక్కల అవసరాలూ వేరు. వీధిలో ఉన్నదానికి వైద్యం కావాలి. బాల్కనీలో ఉన్నదానికి ఇల్లు మారాలి. హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బాధలో ఉన్న ప్రతి కుక్కనూ ఎత్తుకెళ్ళి ఎక్కడో ఒకచోట చేర్చడమే రెస్క్యూ అనుకుంటారు. కానీ మన నగరంలో అలాంటి చోటు దాదాపు లేదు. షెల్టర్ల వాళ్ళు విసుగుతో అలా అనడం లేదు, వాళ్ళ దగ్గర నిజంగానే ఖాళీ ఉండదు. చూపు పోయినవి, బండి కింద పడి నడుము పడిపోయినవి జీవితాంతం అక్కడే ఉండిపోతాయి. పైగా టీకాలు పడని కుక్కను కిక్కిరిసిన షెల్టర్‌కు పంపితే, తీసుకెళ్ళిన గాయం మానేలోపే డిస్టెంపరో పార్వోనో (కుక్కల్ని చంపే వైరస్ జబ్బులు) అంటుకుని చనిపోయే ప్రమాదం ఉంది.

వీధిలో పుట్టి పెరిగి, నలుగురు తిండి పెడుతుంటే తిరిగే కుక్కకు ఆ వీధే ఇల్లు. దాన్ని తీసుకెళ్ళి ఊరి చివర వదిలితే అక్కడి కుక్కలు మీదపడతాయి, లేదంటే పాత చోటికి వెళ్ళాలని పరుగెత్తి రింగ్ రోడ్డు మీద పోతుంది. ఇక్కడ ఖాళీ అయిన చోటులోకి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని వేరే కుక్కలు వస్తాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంటున్నాయి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని చెప్పినా, ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చింది. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, మనుషుల మీదికి ఉరికేవి తప్ప మిగతావాటిని టీకా, ఆపరేషన్ తర్వాత వాటి చోటే వదలాలంది. రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకుండా కేటాయించిన చోటే పెట్టాలంది. అదే ఏడాది నవంబర్ 7న స్కూళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టుకున్నవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలకూడదని ఆదేశించింది. మీ కుక్క ఏదైనా స్కూల్ గేటు దగ్గర తిరిగేదైతే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అలాంటివాటికి ఇల్లు వెతకడం ఇప్పుడు నిజంగా అత్యవసరం.

కాబట్టి నేను ఇల్లు వెతికేది కొన్నిటికే. తల్లి చనిపోయిన పిల్లలు, యజమానులు వదిలేసిన పెంపుడు కుక్కలు, కొట్టి కట్టేసే ఇళ్ళ నుంచి వచ్చినవి, వీధిలో బతకలేనంత వికలాంగమైనవి, వీధిలో ఉంటే మనుషులే చంపేసేటట్టున్నవి. మిగతావాటికి ఉన్న చోటే వైద్యం, ఆపరేషన్, టీకా. మీ వీధిలో కుక్క ఈ రెండో రకంలోకే వస్తుంది.

పురుగులు పట్టిన గాయం చూడటానికి భయంకరంగా ఉంటుంది కానీ సమయానికి చూస్తే బాగా మానిపోతుంది. మెడ దగ్గరంటే పాత తాడో బెల్టో చర్మంలోకి కోసుకుపోయి ఉండొచ్చు, ముందు అది చూడండి. ఈగలు గుడ్లు పెట్టిన ఒకరోజులోనే పురుగులు బయటికి వచ్చి మాంసం తినడం మొదలుపెడతాయి, అందుకే రేపు చూద్దాం అనుకోవద్దు. ఫినాయిల్, కిరోసిన్, పెట్రోల్, సున్నం పోయొద్దు. పురుగులు చస్తాయి, దాంతోపాటు చర్మం కాలిపోతుంది, కుక్క ఆ మందు నాకి విషం తింటుంది. పశువుల మందుల షాపులో పురుగుల గాయాలకు స్ప్రే దొరుకుతుంది. కొట్టిన కాసేపటికి పురుగులు బయటికి వస్తాయి. వాటిని తీసి, సెలైన్‌తో కడిగి, మళ్ళీ స్ప్రే కొట్టాలి. ఒకసారితో అయిపోదు, లోపల దాక్కున్నవి మర్నాడు వస్తాయి. యాంటీబయాటిక్, నొప్పి మందు డాక్టర్ రాసినవే ఇవ్వండి. మన ఇళ్ళలో ఉండే పారాసెటమాల్, ఐబూప్రోఫెన్ కుక్కలకు ప్రమాదం. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భరించలేకపోతే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో కూడా చూస్తారు. ఏపీ పాఠకులకు గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీలు ఇలాంటివే.

పట్టుకునేటప్పుడు రోజూ తిండి పెట్టే మనిషి ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. అది నమ్మే మనిషి చేత్తో తినిపిస్తుంటే పక్క నుంచి మెడలో బెల్టు వేసి, మెత్తటి గుడ్డ పట్టీతో నోరు కట్టొచ్చు. ఎండలో రొప్పుతున్నదానికి, వాంతులు చేసుకుంటున్నదానికి మాత్రం నోరు కట్టొద్దు, ఊపిరాడదు. దుప్పటి కప్పి ఎత్తడం మేలు.

ముట్టుకోకూడని కుక్క కూడా ఒకటి ఉంటుంది. కింది దవడ జారిపోయి, నోటి వెంట చొంగ ఆగకుండా కారుతూ, గొంతు మారి, తూలుతూ నడుస్తుంటే రేబిస్ అని అనుమానించాలి. ఇందులో పక్షవాతం రకం ఒకటుంది. కుక్క కరవదు, నెమ్మదిగా ఒక మూల కూర్చుంటుంది, గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు కనిపిస్తుంది. జాలిపడి నోట్లో చెయ్యి పెట్టి చూసేవాళ్ళు ఇక్కడే ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. దూరంగా ఉండి, పిల్లల్ని అటు వెళ్ళనివ్వకుండా చూసి, మున్సిపల్ వెటర్నరీ విభాగానికి చెప్పండి.

ఈ పని మొదలుపెట్టేముందు మీరు టీకా వేయించుకోండి. కాటుకు ముందే వేసుకునే మూడు డోసులుంటాయి: మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. అవి పూర్తయినవాళ్ళను కుక్క కరిస్తే రెండు డోసులు చాలు, గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ అక్కర్లేదు. కరిచిన వెంటనే సబ్బు రాసి, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీ పొడి పెట్టొద్దు. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీకా వేస్తారు. "చిన్న గీతే కదా, నేను రోజూ చూసే కుక్కే కదా" అని వదిలేయొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే వైద్యం లేదు.

గాయం మానాక ఆ కుక్కకు ఆపరేషన్ చేయించండి. ఫతుల్లాగూడ, చుడీబజార్, పటేల్‌నగర్, కేపీహెచ్‌బీ లాంటి చోట్ల మున్సిపల్ కేంద్రాలు ఈ పని చేస్తాయి. ఆపరేషన్ అయినవాటి చెవి కొన కత్తిరిస్తారు, మళ్ళీ పట్టుకోకుండా అదే గుర్తు. పట్టుకెళ్ళిన రోజు ఫొటో, చోటు రాసుకుని, అక్కడికే తెచ్చి వదిలారో లేదో మీరే చూసుకోండి. ఆరు నెలలు నిండనివాటిని పంపొద్దు. ఒక మాట గట్టిగా చెప్తాను: తిండి పెట్టేవాళ్ళు ఆపరేషన్ బాధ్యత కూడా తీసుకోవాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు మనం కుక్కల ప్రేమికులమని చెప్పుకుని తప్పుకోలేం. గుంపులు పెరగకుండా, ప్రతి కుక్కకూ టీకా ఉండేలా చూడటమే మనం పిల్లలకూ కుక్కలకూ చేయగల మేలు. ఆడకుక్కలకు జననాంగం దగ్గర రక్తం కారే గడ్డలు కనిపిస్తే కూడా భయపడి వదిలేయకండి. అది కుక్కల మధ్య అంటుకునే ఒక కణితి. వారానికో ఇంజెక్షన్ చొప్పున కొన్ని వారాలు ఇప్పిస్తే చాలావాటికి పూర్తిగా తగ్గిపోతుంది.

కుక్కపిల్లల సంగతి మీరు అడగలేదు, కానీ వానలు తగ్గి చలి మొదలయ్యాక మీ వీధిలోనే కార్ల కింద కనిపిస్తాయి. కనిపించగానే ఎత్తుకురావద్దు. తల్లి తిండి కోసం వెళ్ళి ఉంటుంది. దూరంగా ఉండి కొన్ని గంటలు గమనించండి. తల్లి వస్తుంటే ఎనిమిది వారాల దాకా పిల్లల్ని విడదీయొద్దు, ఆ తల్లికి తిండి పెట్టండి చాలు. తల్లి నిజంగా లేకపోతే ముందు పిల్లను వెచ్చబరచాలి, తర్వాతే పాలు. చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగవు. ఆవుపాలు, గేదెపాలు విరేచనాలు తెస్తాయి, కుక్కపిల్లల పాలపొడి షాపుల్లో దొరుకుతుంది. మీ ఇంట్లో అంతకుముందు ఏ పిల్లైనా పార్వోతో పోయి ఉంటే టీకాలు పూర్తికాని కొత్త పిల్లను నెలలపాటు తేవద్దు. ఆ వైరస్ నేలను, గుడ్డలను అంత త్వరగా వదలదు.

ఇక లాబ్రడార్. ఇక్కడ మీకు కోపం వస్తుంది, నాకూ వస్తుంది. అయినా గోడ దూకి తీసుకురావద్దు. చట్టం దృష్టిలో అది వాళ్ళ ఆస్తి, దొంగతనం కేసు మీ మీద పడుతుంది, కుక్క తిరిగి అదే బాల్కనీకి వెళ్తుంది. మొదట సాక్ష్యం కావాలి. తేదీ, సమయం కనిపించేలా వేర్వేరు రోజుల వీడియోలు తీయండి. గొలుసు ఎంత పొట్టిగా ఉంది, నీళ్ళ గిన్నె ఉందా, నీడ ఉందా అన్నవి అందులో కనబడాలి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ కింద కొట్టడం, మరీ పొట్టి గొలుసుతో గంటలకొద్దీ కట్టేయడం, తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం, వదిలేసి వెళ్ళిపోవడం అన్నీ నేరాలే. కానీ మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! 1960లో పెట్టిన మొత్తం ఇప్పటికీ అదే. కొట్టడం ఒక్కటే అయితే పోలీసులు సొంతంగా కేసు కట్టి అరెస్టు చేసే నేరం కిందికి రాదు, స్టేషన్‌లో వెనక్కి పంపే కారణం అదే. ఎముక విరగ్గొట్టినా, కన్ను పోగొట్టినా, చంపినా మాత్రం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఉంది, అయిదేళ్ళ దాకా జైలు పడవచ్చు. అలాంటి గాయం కనిపిస్తే మాటలతో కాలం గడపకుండా డాక్టర్ రిపోర్టుతో నేరుగా స్టేషన్‌కు వెళ్ళండి. బ్లూ క్రాస్, పీపుల్ ఫర్ యానిమల్స్ లాంటి జంతు సంరక్షణ సంస్థల వాలంటీర్లలో ఒకరు పక్కన ఉంటే ఫిర్యాదు తీసుకోవడం సులువవుతుంది.

మిగతా సందర్భాల్లో నేను చూసినంతలో బాగా పనిచేసే దారి, యజమాని చేతే రాయించుకోవడం. కొట్టే ఇళ్ళలో చాలావాటికి ఆ కుక్క అప్పటికే భారమైపోయి ఉంటుంది. ముచ్చటపడి కొన్న పిల్ల ముప్పై కిలోలైంది, వాకింగ్‌కు తీసుకెళ్ళేవాళ్ళు లేరు, శక్తి ఖర్చు కాక అరుస్తుంది, పక్కింటివాళ్ళు తిడుతున్నారు. ఆ ఇంటికి వెళ్ళి "మీరు కుక్కను హింసిస్తున్నారు" అంటే తలుపు వేసేస్తారు. "అరుపులతో మీకూ ఇబ్బందిగా ఉన్నట్టుంది, మాకు తెలిసినవాళ్ళు పెంచుకుంటామంటున్నారు, కాగితం పనంతా మేం చూసుకుంటాం" అంటే వింటారు. ఆ ఇంట్లో పెద్దావిడతోనో, కుక్క మీద కాస్త జాలి ఉన్న పిల్లాడితోనో మాట మొదలుపెట్టండి. మన కోపం వాళ్ళ మీద తీరకపోయినా పర్వాలేదు, కుక్క బయటపడాలి. ఒప్పుకుంటే "ఈ కుక్కపై నా హక్కును పూర్తిగా వదులుకుంటున్నాను" అని తేదీతో, ఆధార్ కాపీతో, సాక్షి సంతకంతో రాయించుకోండి. టీకాల కార్డు ఉంటే అడగండి.

దెబ్బలు తిన్న కుక్క మొదటి రోజుల్లో ప్రేమగా దగ్గరికి వస్తుందని ఎదురుచూడకండి. చెయ్యెత్తితే నేలకు అతుక్కుపోతుంది, చీపురు చూస్తే ఉచ్చపోసుకుంటుంది, కొన్ని పళ్ళు చూపిస్తాయి. ఒక మూల, గోడ ఆసరా ఉన్న చోటు ఇచ్చి, తిండి, నీళ్ళు పెట్టి, దానికి పక్కగా కూర్చోండి. కళ్ళలోకి చూడొద్దు, తల మీద చెయ్యి వేయొద్దు, మీ చెయ్యి వాసన చూడటానికి అదే రానివ్వండి. ఊళ్ళో చుట్టాలందరినీ పిలిచి చూపించే పని అప్పుడే వద్దు. రోజూ ఒకే వేళకు తిండి, ఒకే దారిలో నడక ఉంటే భయం కరుగుతుంది. బాగా మాడ్చిన కుక్కకు మొదటి రోజే కడుపునిండా పెట్టొద్దు, ఒంట్లో లవణాలు తారుమారై ప్రాణం పోవచ్చు. ఉప్పు, కారం లేని చికెన్ అన్నం కొంచెం కొంచెంగా, రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. పిడుదులు ఎక్కువగా ఉంటే రక్తపరీక్ష చేయించండి. పిడుదుల జ్వరం మన దగ్గర చాలా కుక్కల్ని నెమ్మదిగా తినేస్తుంది, పైకి నీరసంలాగే కనిపిస్తుంది.

దత్తత ఇచ్చే దగ్గర మీరు కఠినంగా ఉండాలి. లాబ్రడార్ అని పోస్ట్ పెట్టగానే ఫోన్లు మోగుతాయి. వాళ్ళలో పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. అందుకే జాతి కుక్కను ఆపరేషన్ చేయించకుండా ఎవరికీ ఇవ్వను. "ఆపరేషన్ అయిందా?" అని మొదటే అడిగి, అయిందనగానే ఫోన్ పెట్టేసేవాళ్ళు ఎందుకు అడిగారో మీకే అర్థమవుతుంది. నాటు కుక్కపిల్లల విషయంలో ఇబ్బంది వేరు. అందరూ మగపిల్లే కావాలంటారు. ఆడపిల్లలు ఫాస్టర్ ఇళ్ళలో (దత్తత కుదిరేదాకా తాత్కాలికంగా చూసుకునే ఇళ్ళు) మిగిలిపోతాయి, ఆపరేషన్ అయ్యాక మగా ఆడా తేడా ఏమీ ఉండదని ఓపికగా చెప్పాల్సి వస్తుంది.

అడగాల్సినవి అడగండి. ఇంట్లో అందరికీ ఇష్టమేనా? అత్తగారో నాన్నగారో అయిష్టంగా ఒప్పుకున్న ఇంటి నుంచి కుక్క నెలలోపు వెనక్కి వస్తుంది. అద్దె ఇల్లయితే ఓనర్‌కు తెలుసా? సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు? పగలంతా ఒంటరిగా ఎన్ని గంటలు? మన దగ్గర ఇంకో ప్రశ్న తప్పనిసరి: విదేశాలకు వెళ్ళే ఆలోచన ఉందా? వీసా రాగానే ఐదేళ్ళు పెంచిన కుక్కను "ఎవరికైనా ఇచ్చేయండి" అని పెట్టే పోస్టులు హైదరాబాద్‌లో ఎప్పుడూ కనిపిస్తాయి. అమెరికాకు తీసుకెళ్ళడం అసాధ్యమేమీ కాదు. 2024 ఆగస్టు నుంచి నియమాలు కఠినమయ్యాయి. కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, మన దేశం నుంచి వెళ్ళేవాటికి రేబిస్ టీకా పత్రాలు, రక్తపరీక్ష కావాలి. నెలల ముందు మొదలుపెడితే అవుతుంది, వెళ్ళే వారం గుర్తొస్తే కాదు.

గేటు దగ్గర కాపలాకు కావాలనేవాళ్ళకు ఇవ్వను. పిల్లాడి పుట్టినరోజు కానుకగా అడిగేవాళ్ళకు ఇవ్వను. "మా ఫామ్‌హౌస్‌లో హాయిగా తిరుగుతుంది" అన్న మాట వింటే మీకు ఊరటగా ఉంటుంది, కానీ చాలా ఫామ్‌హౌస్‌లకు యజమాని వచ్చేది శని, ఆదివారాల్లోనే. మిగతా రోజులు కుక్క గొలుసుకే ఉంటుంది, పాము కరిచినా చూసే దిక్కుండదు. వీడియో కాల్‌తో సరిపెట్టకుండా మీరే ఆ ఇంటికి వెళ్ళండి. బాల్కనీకి గ్రిల్ ఉందో లేదో, పడుకునే చోటు ఇంట్లోనా బయటా, పనిమనిషి కుక్కను చూసి ఎలా ఉందో గమనించండి. దత్తత పత్రంలో వెనక్కి ఇవ్వాలనుకుంటే మీకే ఇవ్వాలని, వేరేవాళ్ళకు ఇవ్వకూడదని, వీధిలో వదలకూడదని రాయించండి.

కుక్క కొత్త ఇంటికి వెళ్ళిన మొదటి వారమే తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. బెదిరిన కుక్క మెడబెల్టు లోంచి తల వెనక్కి లాక్కుని ఒక్క క్షణంలో జారిపోతుంది, కొత్త దారులు దానికి తెలియవు. అందుకే మెడబెల్టు, ఒంటి పట్టీ (హార్నెస్) రెండూ వేసి, రెండిటికీ తాళ్ళు కట్టి పట్టుకోమనండి. ఫోన్ నంబర్ ఉన్న బిళ్ళ మొదటి రోజే మెడలో వేయండి. దీపావళికి రెండు వారాల ముందు, పెళ్ళి బారాత్‌లు తిరిగే కాలనీల్లో ఇంకా జాగ్రత్త. మొదటి మూడు రోజులు భయంగా ఉంటుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లనుకుంటుంది అని మా వాళ్ళు చెప్పుకుంటారు. కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండో రోజే "తినట్లేదు, తీసుకెళ్ళిపోండి" అని ఫోన్ వస్తే కంగారుపడకుండా ధైర్యం చెప్పండి, చాలావరకు సర్దుకుంటుంది.

డబ్బు విషయంలో బిల్లులు దాచండి, విరాళాలు మీ ఖాతాలోకి కాకుండా నేరుగా క్లినిక్‌కే పంపమనండి. మీ ఫ్లాట్‌లో ఒకేసారి ఒక్క ఫాస్టర్ కుక్క కన్నా ఎక్కువ పెట్టుకోవద్దు. జాలితో రెండోది, మూడోది తెచ్చి, చివరికి దేనికీ సరైన వైద్యం, నడక ఇవ్వలేని ఇళ్ళు చూసినప్పుడు నాకు కుక్కల మీదా ఆ మనుషుల మీదా కూడా బాధేస్తుంది. కొన్ని కుక్కలు బతకవు. నొప్పి తగ్గే దారి లేదని డాక్టర్ చెప్పినప్పుడు, దాన్ని ప్రశాంతంగా పంపేయడానికి ఒప్పుకోవడం కూడా ఈ పనిలో భాగమే. ఆ రోజు ఏడవండి, సెలవు తీసుకోండి, పక్కన ఒకరు ఉండేలా చూసుకోండి.

మీరు ఇవాళ చేయాల్సింది వీధి కుక్క మెడ గాయం చూపించడం. లాబ్రడార్‌కు వీడియోలు తీస్తూ, ఈలోపే మీ ఇంటి ఓనర్‌ను కొద్దివారాలు కుక్కను ఉంచుకోవడానికి అనుమతి అడిగి పెట్టుకోండి, కుదరకపోతే ఫాస్టర్ ఇల్లు వెతకండి. ఎదురింటివాళ్ళు సరేనన్న రోజు "ఆదివారం వచ్చి తీసుకెళ్తాం" అనకుండా అప్పటికప్పుడే తెచ్చేయాలి, రాత్రి గడిస్తే మనసు మార్చుకుంటారు. అందుకని రాయాల్సిన కాగితం, గట్టి బెల్టు, నోటికి వేసే మజిల్, తీసుకెళ్ళడానికి ఒప్పుకునే ఆటో లేదా కారు, డాక్టర్ దగ్గర టైమ్ అన్నీ ముందే సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే వాళ్ళ తలుపు తట్టండి.